రోజూ వేసుకునే గౌను

మొన్న ఒక కాలేజీ పిల్ల మా దుకాణానికి వచ్చి క్యాన్‌క్యాన్ నెట్ కావాలంది. లెహంగా కింద వేస్తే లంగా గొడుగులా విచ్చుకుని నిలబడుతుందే, ఆ గట్టి జాలీ గుడ్డ. కత్తెర అందుకుంటూ అలవాటు కొద్దీ, "ఫంక్షన్‌కా బిడ్డా, రోజూ వేసుకోనీకా?" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది.

"క్యాన్‌క్యాన్ రోజూ ఎవరేసుకుంటరు ఆంటీ! మస్తు జోకులేస్తరు మీరు."

నాకు నవ్వు రాలేదు. "వేసుకునే ఆమె ఒకతె ఉండె" అని మాత్రం అని, గుడ్డ కొలిచి కోసి ఇచ్చేశాను. ఆ పూటంతా ఇక ఏ పనీ సరిగ్గా సాగలేదు. ఒకావిడకి ఆకుపచ్చ ఫాల్ బదులు నీలం కట్టి పంపాను. ఆవిడ తిరిగి వచ్చి నాలుగు మాటలు అనిపోయింది. అనదూ మరి!

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు పోయే సందులో మాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్స్, లేసులు, గుండీలు, దారాలు. మా ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రంగు కలిసిందా లేదా అన్నది లోపల తేల్చను. ట్యూబులైటు కింద అన్ని రంగులూ చుట్టాలే. ఎండలోకి తెస్తేనే ఎవరికి ఎవరు ఏమవుతారో తెలుస్తుంది. కస్టమర్ ఎంత తొందరలో ఉన్నా సరే, గుడ్డనీ లేసునీ పట్టుకుని మెట్లు దిగి, ఆటోల మధ్య రోడ్డు మీద నిలబడి చూడాల్సిందే.

ఆ క్యాన్‌క్యాన్ ఆమె మొదటిసారి వచ్చినప్పుడు, నేను చెప్పకముందే గుడ్డ పట్టుకుని మెట్లు దిగింది. వంకాయరంగు నూలు గుడ్డ. దానికి మీగడరంగు లేసు కావాలి. నేను మంచి మెరుపున్న నైలాను లేసు డబ్బా ముందు పెట్టాను. ఆమె ఒక్కసారి వేలితో రాసి చూసి పక్కకి జరిపింది.

"ఇది వద్దండి, మెరుస్తోంది. మెరిస్తే ఫంక్షన్‌కి పోతున్నట్టు ఉంటుంది. నూలు లేసు ఉందా? నాకు రోజూ వేసుకోవడానికి."

అప్పుడు తలెత్తి మనిషిని చూశాను. నలభై దాటిన మనిషి. మెడదాకా గుండీలు పెట్టిన తెల్ల జాకెట్టు, గుండ్రటి కాలరు. దాని మీద చేతుల్లేని నీలం గౌను, మోకాళ్ళ కిందికి వచ్చి గంటలా విచ్చుకుని ఉంది. తెల్ల సాక్సులు, స్కూలు పిల్లలు వేసుకునే నల్ల బకల్ బూట్లు. తలలో ఒక పక్కగా రిబ్బను పువ్వు. చేతిలో లేసు కుట్టిన గొడుగు.

"యాడన్న డ్రామా ఉన్నదా అమ్మా?" అన్నాను.

"లేదండి, కూరగాయలకి వచ్చాను" అంది. నిజంగానే చేతిసంచిలో తోటకూర ఉంది.

ఆ తరవాత తెలిసింది, దాన్ని లోలిటా ఫ్యాషన్ అంటారట, జపాన్‌లో పుట్టిందట. "పేరు మర్చిపోండక్కా" అనేది. "ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఫోన్లో కొడితే పనికిమాలిన వాళ్ళంతా పనికిమాలినవి చూపిస్తారు. మీరు బట్ట చూడండి. మెడ కనబడదు, మోకాలు కనబడదు. మా అమ్మమ్మ కూడా వంక పెట్టలేకపోయేది."

"అయితే ఎందుకమ్మా ఈ వేషం?" అని ఒకసారి అడిగేశాను. నా నోరు అలాంటిది.

"మీరెందుకు చీర కట్టుకున్నారు?"

"అందరు కడతరు కాబట్టి."

"నేను ఎవరూ కట్టుకోరు కాబట్టి" అని కిసుక్కున నవ్వింది. అంతకు మించి ఆమె నోటి నుంచి కారణం ఎప్పుడూ రాలేదు. నేను మళ్ళీ అడగనూ లేదు.

ఆమెది చిక్కడపల్లిలోనే పుట్టి పెరిగిన ఆంధ్రా కుటుంబం. తాతగారు ఏదో ఆఫీసులో ఉద్యోగానికి వచ్చి ఉండిపోయారు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఒక పాత ఇంటి మేడ మీద గదిలో కిరాయికి ఉండేది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల నోట్సులు టైపు చేసే డీటీపీ సెంటర్‌లో పని. ఆ గౌనూ ఆ గొడుగూ వేసుకుని రోజూ నడిచే వెళ్ళేది. మొదట్లో ఆటోవాళ్ళు ఈలలు వేశారు. ఆమె ఆగి, వాళ్ళకి దారి ఇచ్చి, గొడుగు కాస్త పైకెత్తి, మళ్ళీ నడిచేది. ఈలలు వేసీ వేసీ వాళ్ళకే విసుగు పుట్టింది. తరవాత తరవాత వర్షం పడితే, "ఎక్కు మేడమ్, గౌను ఖరాబైతది" అని వాళ్ళే ఆపేవాళ్ళు.

అశోక్‌నగర్ పిల్లలు ఆమెని ఫ్రాక్ అక్క అనేవాళ్ళు. ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటూ, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని కళ్ళు కాయలు కాసేలా చూసే పిల్లలు. వాళ్ళలో ఒక నమ్మకం పుట్టింది: ఫ్రాక్ అక్క టైపు చేసిన నోట్సు చదివితే ప్రిలిమ్స్ గట్టెక్కుతుందని. "అక్కా, వేరే మిషిన్ ఖాళీ ఉన్నా నాకే ఇస్తారు, నాకేం సుఖం?" అని నాతో మొత్తుకునేది గాని, లోపల మురిసిపోయేదని నాకు తెలుసు.

ఆమె బట్టల శాస్త్రం వింటే మా దర్జీ మాస్టర్‌కే కళ్ళు తిరిగేవి. గౌను బాగుండటం గౌనులో లేదట, కింద వేసే లంగాలో ఉందట. క్యాన్‌క్యాన్ గట్టిగా ఉండాలి, కానీ దాని లోపల మెత్తటి నూలు అస్తర్ పడాలి, లేకపోతే హైదరాబాదు ఎండకి తొడలు కోసుకుపోతాయి. ఆ లోపల మోకాళ్ళదాకా వదులు నిక్కరు, గాలికి గౌను లేచినా పరువు పోకుండా. "పైకి కనబడేది ఒక వంతు, కనబడనిది మూడొంతులు. రోజూ వేసుకోవాలంటే కనబడనిదే ముఖ్యం మాస్టర్" అనేది. మాస్టర్ మొదటిసారి ఆ కొలతలు రాసుకుని, "ఇది పెద్దోళ్ళదా, చిన్నపిల్లదా, జర ఏదో ఒకటి చెప్పుండ్రి" అన్నాడు. "నాది" అంది. ఆ తరవాత ఆయన అడగలేదు.

సాక్సులూ బూట్లూ కోఠిలో యూనిఫాం దుకాణాల్లో దొరికించుకునేది. జూన్ నెల వస్తే ఆమెకి పండగే. స్కూళ్ళు తెరిచే ముందు పెద్ద సైజులు కూడా వస్తాయి కదా మరి. "మీ పాప ఏ క్లాసు మేడమ్?" అంటే, "ఇంకా చేర్పించలేదు" అనేదట మొహం చెక్కుచెదరకుండా.

ఇక ముఖం సంగతి. నేను పౌడరు దట్టంగా రాస్తానని నా మీద ఆమెకి పెద్ద ఫిర్యాదు. "అక్కా, ముఖానికి సున్నం కొట్టకూడదు. ముందు ఎండ తగలకుండా క్రీము, అది ఇంకాక కాస్త పౌడరు, బుగ్గ మీద ఉందా లేదా అన్నంత ఎరుపు. పెదవి ఎండకుండా ఏదో ఒకటి. అంతే. ఎవరైనా 'ఏం రాసుకున్నావ్' అని అడిగితే ఎక్కువైనట్టు." జుట్టుకి మిషన్లు పెట్టేది కాదు. పాత చీర పీలికలు తడిపి జుట్టుకి చుట్టుకుని పడుకునేది, తెల్లారేసరికి ఉంగరాలు. కొబ్బరినూనె మాత్రం మానలేదు. "జపాన్ జపానే, మన తల మన తలే" అనేది.

నాకూ ఆమెకీ తగవు ఒక్కటే విషయంలో. నైటీ.

నేను ఇంట్లో ఉన్నంతసేపూ నైటీయే. మా సందులో పాలకి పోవాలన్నా, చెత్తబండి వచ్చినా, ఆడవాళ్ళంతా నైటీ మీద ఒక చున్నీ పడేసుకుని బయటికి వచ్చేవాళ్ళే. హాయిగా ఉంటుంది, గాలాడుతుంది, దేవుడిచ్చిన వరం. ఆమె మాత్రం నైటీ మాట ఎత్తితే చాలు మొహం చిట్లించేది.

"అది బట్ట కాదక్కా, బట్టకి సెలవు. నేను మంచం మీద కూడా వేసుకోను. ఎవరి కంటైనా నైటీలో పడ్డానంటే, నేను లేనట్టే లెక్క."

"పెద్ద మహారాణివి! రేపు మంచాన పడితే ఏం జేస్తవ్?" అన్నాను.

"గౌనుతోనే పడతాను" అంది, అంత ధీమాగా. నవ్వుకున్నాం ఇద్దరం. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మాట అనేటప్పుడు పైన తథాస్తు దేవతలు ఉంటారంటారు. వింటే నా మాట విన్నారు గాని ఆమె మాట వినలేదు.

ఆమెకి ముందు చేతులు వణికాయి. గుండీలు పెట్టుకోవడం ఆలస్యం అవుతోందని గౌను వెనక గుండీలు తీసి హుక్కులు కుట్టించుకుంది. నేనే ఇచ్చాను హుక్కులు, తుప్పు పట్టనివి ఏరి ఏరి. కొన్నాళ్ళకి హుక్కులు కూడా వేళ్ళకి అందలేదు. టిచ్ బటన్లు పెట్టించింది, నొక్కితే టక్కున పడేవి. తరవాత నొక్కే బలం కూడా పోయింది. ఒకరోజు కౌంటర్ ముందు చాలాసేపు నిలబడి, "అక్కా, అది ఉంటుందే, బ్యాగులకి వేస్తారు, అంటుకునే పట్టీ" అంది. వెల్క్రో అనే మాట ఆమెకి తెలుసు. నోటితో అనలేదు.

నేను రోల్ తీశాను. ఆమె పట్టీ విప్పి చూసింది, చర్రుమంది. మళ్ళీ అతికించి విప్పింది, మళ్ళీ చర్రుమంది. "స్కూలు బ్యాగు చప్పుడు" అంది. అని, వంకాయరంగు గౌనుకి సరిపోయే రంగు పట్టీ కోసం మెట్లు దిగి ఎండలోకి వెళ్ళింది. లోపలికి తిరిగే పట్టీకి రంగు ఎందుకే పిచ్చిదానా, ఎవరికి కనబడుతుంది అని అనబోయి ఊరుకున్నాను. కనబడనిదే ముఖ్యం అన్న మనిషి కదా.

నరాల డాక్టరు మాత్రలు రాశాడు, జబ్బు వెనక్కి పోదు, నెమ్మదిగా ముందుకే పోతుందని చెప్పాడు. టైపు పని పోయింది. అయినా పొద్దున్నే తయారై వచ్చేది. నేను షట్టర్ ఎత్తే వేళకి మెట్ల మీద నిలబడి ఉండేది, వెనక పట్టీ ఊడి, నడుము రిబ్బను వేలాడుతూ. నేను పట్టీ అతికించి, రిబ్బను ముడి వేసేదాన్ని. "కుక్క చెవుల్లా వేలాడకూడదు, సమానంగా" అని వెనక్కి తిరగకుండానే చెప్పేది. ముడి పడ్డాక ఎటు పోవాలో తెలిసేది కాదు. అశోక్‌నగర్ వైపు కొంతదూరం నడిచి, తిరిగి వచ్చి మా దుకాణంలో స్టూలు మీద కూర్చునేది. నాకు చెయ్యగలిగింది ఆ ముడి ఒక్కటే. వేసేదాన్ని.

ఒక వానరోజు మేడమెట్ల మీద జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఆమె తమ్ముడు అశోక్‌నగర్‌లోని తన ఫ్లాటుకి తీసుకుపోయాడు.

నేను చూడటానికి వెళ్ళేసరికి మంచం మీద ఉంది. గళ్ళ నైటీలో. ముందు జిప్పు ఉన్న రకం. నన్ను చూసి, వణికే చేతులతో దుప్పటి మెడదాకా లాక్కోబోయింది. చేతులు సహకరించలేదు. దుప్పటి సగంలో ఆగిపోయింది. నేను గోడ మీద క్యాలెండర్ చూస్తున్నట్టు నటించాను. ఆమె తమ్ముడి భార్య వచ్చి దుప్పటి పైకి లాగింది.

వంటింట్లో అడిగాను ఆ అమ్మాయిని. అడిగానేమిటి, దులిపేశాను. "గౌన్లు లేవా? నైటీ ఎందుకేసిన్రు? ఆమెకు నైటీ అంటే పాణం పోతదని తెల్వదా?"

ఆ అమ్మాయి గిన్నెలు తోముతూనే ఉంది. "తెలుసు ఆంటీ. పొద్దుగాల లేపుడు నేనే, తుడుసుడు నేనే, మార్చుడు నేనే. రోజుకు ఎన్నిసార్లు మారుస్తనో లెక్క లేదు. గౌను తలమీదికెల్లి వెయ్యాలంటే చెయ్యి లేపాలె. చేతులు బిగుసుకపోయినయ్, లేపితే నొప్పికి ఏడుస్తది. మీరే చెప్పుండ్రి, ఏం జెయ్యాలె?"

 ఆ పిల్ల చేతులు సబ్బునీళ్ళకి పాచిపోయి ఉన్నాయి. తప్పు ఎవరిదైనా ఉంటే పోట్లాడటానికి బాగుండేది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం మా దుకాణం మెట్ల మీద స్టీలు సామాన్ల ఆమె గంప దించుకుంది. పాత బట్టలు తీసుకుని గిన్నెలిచ్చే ఆమె. మంచినీళ్ళు ఇస్తూ చూద్దును కదా, మూటలోంచి మీగడరంగు నూలు లేసు వేలాడుతోంది. నేను కోసి ఇచ్చిన లేసు నాకు తెలియదా!

"ఇది యాడికెల్లి తెచ్చినవ్?"

"అశోక్‌నగర్‌ల అపార్ట్‌మెంట్ నుంచి అక్కా. రెండు మంచి చీరలుంటె తీసుకున్న. ఈ గౌన్లు నాకు ఒద్దంటె ఒద్దన్న, ఎవరు కొంటరు ఇవి? ఊకెనే మీదేసిన్రు."

చీరల మీద కొసరు!  సామాన్ల ఆమెకి ఏదో సర్దిచెప్పి వంకాయరంగు గౌనూ, దాని లంగానూ లాగేసుకున్నాను. మిగిలినవి అప్పటికే వేరే మూటలో కాచిగూడ వైపు పోయాయట. షట్టర్ సగం దించి, గౌను చంకలో పెట్టుకుని ఆ ఫ్లాటుకి పోయాను. తలుపు తీసిన ఆమె మరదలి మీద విరుచుకుపడ్డాను. "మనిషి బతికుండంగనే బట్టలమ్ముకున్నరా? గిన్నె కోసమా? మీ ఇంట్ల గిన్నెలు లేవా?"

ఆ అమ్మాయి ఏడ్చేసింది. లోపలి గదిలోంచి సన్నగా గొంతు వినిపించింది. "నేనే ఇమ్మన్నానక్కా."

వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. మాట ముద్దగా వస్తోంది అప్పటికే.

"నేను పోయాక తీస్తే ఒక్కొక్కటీ పైకెత్తి చూసి నవ్వుతారు. నేనుండగానే పోతే నయం." కాసేపు ఆయాసం తీర్చుకుని, "ఎంత గిన్నె వచ్చింది? మూత ఉన్నదేనా?" అంది.

నవ్వించడానికే అంది. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళో ఉన్న గౌను చూసింది. చూస్తూనే ఉండిపోయింది. చూడగా చూడగా కళ్ళు మారాయి.

"వేస్తవా?" అన్నాను. తల ఊపింది.

మరదలు, నేను ఇద్దరం పట్టుకున్నాం. తలమీదుగా కాదు, మాస్టర్ దగ్గర నేర్చిన తెలివితో వెనక కుట్టు అంతా విప్పేసి ముందు నుంచి తొడిగాం. చెయ్యి లేపాల్సి వచ్చినప్పుడు పెదవి కొరుక్కుంది, అరవలేదు. లంగా, బీరువాలో మిగిలిన సాక్సులు, జాకెట్టు, గౌను. మరదలు ఎక్కడి నుంచో పౌడరు తెచ్చింది. "సున్నం వద్దు" అంది ఆమె. ఇద్దరం ఒకేసారి నవ్వాం. తలలో రిబ్బను పెట్టాను. నడుముకి ముడి వేశాను, రెండు చెవులూ సమానంగా. కుర్చీలో కూర్చోబెట్టి బీరువా అద్దం ముందుకి తిప్పాం.

చూసుకుంది.  మెడ నిటారుగా పెట్టింది, మా సందులో నడిచినప్పుడు పెట్టినట్టు. నా కళ్ళకి అది పాత మనిషే. అంతే చాలనిపించింది నాకు. మరదలు ఫోను తీసింది ఫోటో కోసం.

అప్పుడే ఆమె మొహం మారింది. "బాత్రూం" అంది. మేం లేపేలోపే అయిపోయింది. లంగా తడిసింది, అస్తర్ తడిసింది, తెల్ల సాక్సుల మీదికి కారింది. గుడ్డ మీద గుడ్డ, ఎన్ని పొరలో! విప్పుతుంటే ఊడవు. జాలీ కాళ్ళకి చుట్టుకుంది. ఆమె వణుకు ఎక్కువైంది. మరదలు "ఏం గాదు వదినా, ఏం గాదు" అంటూనే ఉంది. నేను రిబ్బను ముడి విప్పలేక, అంత గట్టిగా వేశాను మరి, పళ్ళతో లాగుతున్నాను.

ఆమె కళ్ళు మూసుకుని, మెల్లగా అంది. "నైటీ ఇవ్వండి."

ఆ మాట ఆమె నోటి నుంచే విన్నాను.

తుడిచి, నైటీ తొడిగి, జిప్పు పైకి లాగాం. ఎంత సులువుగా ఎక్కిందో! ఆ సులువు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని, "నేను ఈ నైటీకే గుండ్రటి కాలరు పెట్టిస్త, లేసు కుట్టిస్త. మాస్టర్‌తోని చెప్త. మంచిగుంటది" అన్నాను.

"వద్దక్కా" అంది. "దానికి లేసు పెడితే దాన్ని ఒప్పుకున్నట్టు అవుతుంది. నైటీని నైటీలాగే ఉండనివ్వండి." గౌను వైపు చూసి, "ఆ గౌను మాత్రం మీ దగ్గర ఉంచండి. గిన్నెకి ఇవ్వకండి" అంది.

మరదలు గౌనూ లంగానూ ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి తెచ్చి ఇచ్చింది. నేను విప్పిన కుట్లు మాస్టర్ మళ్ళీ వేశాడు. హ్యాంగర్‌కి తగిలించి, కవరు తొడిగి, దుకాణం లోపలి గూట్లో పెట్టాను. వారం వారం వెళ్ళి కూర్చునేదాన్ని. ఆమెకి మాట పూర్తిగా పోయింది. నేను గదిలోకి అడుగు పెట్టగానే కళ్ళు దుప్పటి వైపు తిరిగేవి. నేను పైకి లాగేదాన్ని, మెడదాకా.

ఒక పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. గూట్లోంచి గౌను తీసుకుని వెళ్ళాను.

అప్పటికే స్నానం చేయించి అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో పడుకోబెట్టారు. ఎర్ర అంచు పట్టుచీర కప్పారు, నుదుటన ఇంత బొట్టు, పసుపు, మెడలో బంతిపూల దండ. బంధువుల్లో పెద్దావిడ ఎవరో దగ్గరుండి చేయించింది. తమ్ముణ్ణి పక్కకి పిలిచి కవరు చూపించాను. అతని కళ్ళు నిండాయి.

"నాకూ అనిపించిందండీ. శవానికి కుట్టిన బట్ట పనికిరాదంటున్నారు పెద్దవాళ్ళు. ఇవాళ ఎవరితో పోట్లాడను చెప్పండి?"

 నేనూ పోట్లాడలేదు. మొహం మీద పౌడరు దట్టంగా రాసి ఉంది. పైటకొంగుతో కాస్త తుడుద్దామని వంగితే, పెద్దావిడ "ముట్టకమ్మా" అంది. వెనక్కి వచ్చాను.

అశోక్‌నగర్ పిల్లలకి ఎలా తెలిసిందో, పుస్తకాల సంచులతోనే వచ్చారు, ఆడపిల్లలూ మగపిల్లలూ. ముందు వచ్చిన ఇద్దరు లోపలికి తొంగిచూసి, అప్పటికి మంచుపెట్టెలోకి మార్చిన పట్టుచీర మనిషిని చూసి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఈమె కాదురా."

"అడ్రస్ తప్పు చెప్పినట్టున్నరు. పక్క సందేమో."

మెల్లగా బయటికి నడిచి, గేటు అవతల నిలబడ్డవాళ్ళకి కూడా కాదని చెప్పారు. వాళ్ళంతా ఫోన్లు చూసుకుంటూ కదిలిపోతున్నారు.  నైటీలో ఎవరి కంటైనా పడితే నేను లేనట్టే లెక్క అన్నది కదా ఆమె; పట్టుచీరలోనూ అంతే అయింది.

నా చేతిలో ఉన్నది ఆ ఒక్క కవరే. కవరు చింపేశాను. గేటు ముందు కుండలో నిప్పు పొగ చిమ్ముతోంది. ఆ పక్కన గేటు చువ్వకి హ్యాంగర్ తగిలించాను. ఎండ దాని మీద పడింది. వంకాయరంగు మీద మీగడరంగు లేసు. లంగా జాలీ గాలికి విచ్చుకుంది.

కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఒకాయన కోప్పడ్డాడు. "ఏందమ్మా ఇది? చావింటి ముందట ఈ ఫంక్షన్ బట్టలేంది?"

"ఫంక్షన్‌ది కాదు పెద్దయ్యా. రోజూ వేసుకునేది" అన్నాను. 

మరదలు లోపలి నుంచి వచ్చింది. తీసేస్తుందనుకున్నాను. వెనక ఊడి ఉన్న పట్టీని చర్రుమని సరిచేసి, అలవాటైన చేత్తో అతికించి, లోపలికి వెళ్ళిపోయింది. పెద్దాయన కుర్చీ అటు తిప్పుకున్నాడు.

సందు మలుపు దాకా పోయిన పిల్లల్లో ఒక అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. ఆగింది. పక్కవాడి చొక్కా పట్టుకుని లాగింది.

"అరేయ్, అక్క ఇల్లు ఇదేరా."

అందరూ తిరిగి వచ్చారు. గేటు దగ్గర గౌను ముందు ఒక్క క్షణం నిలబడి, చెప్పులు విడిచి, ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్ళారు.